గంగజల సినిమా ముచ్చట్లు

గంగజలకు నచ్చని సినిమా లేదు, ఆమె తిట్టని సినిమా కూడా లేదు. కోరుట్లలో వాళ్ళ వాడకట్టున బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఆరేడుగురు, సొంత ఇళ్ళల్లో నీడా గాలీ ఉన్నా సరే, చాటలు చంకన పెట్టుకొని వచ్చి గంగజల వాకిట్లో రేకుల పందిరి కింద కూచునేవారంటే దానికి కారణం ఆమె నోరే. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తిరించి తడిపిన తునికాకు. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. చెవులు ఖాళీగా ఉంటాయి కదా, వాటిని గంగజల సినిమాలతో నింపేది.

"హీరో మస్తు చదువుకున్నోడంటరు. మూడు గంటలల వాని చేతుల ఒక్క పుస్తకం కనవడదు" అనేది. "హీరోయిను వానల గంత సేపు ఎగురుతది, ఒక్కనాడన్న జరమొచ్చి పంటదా? ఫైటింగులల ఇరగ్గొట్టేది ఎప్పుడు చూసినా కూరగాయల బండ్లే. బంగారం దుకాణం ఒక్కటి ఇరగ్గొట్టమను చూద్దాం."

"విలన్ ఇల్లు మంచిగుంటదే" అని బాలవ్వ అందించేది. బాలవ్వ ఆ గుంపులో పెద్దది, పళ్ళు సగం పోయినా నవ్వు పోలేదు.

"ఏం మంచిగ పెద్దమ్మా? గంత ఇంట్ల ఒక్క చీపురు కనవడదు. ఊడ్చేదెవలు?"

ఈ సినిమా పిచ్చి ఆమెకు పుట్టిల్లు సిరిసిల్లలో పట్టింది. తండ్రి నర్సయ్యది మరమగ్గాల పని. వారానికో రోజు మగ్గాలకు కరెంటు సెలవు. థియేటరుకు జనరేటరు ఉండేది కాబట్టి ఆ రోజు సిరిసిల్ల మగవాళ్ళలో సగం మంది మ్యాట్నీలో తేలేవారు. నర్సయ్య కూతుర్ని భుజాల మీద కూచోబెట్టుకొని వెళ్ళేవాడు, కానీ వారమంతా మగ్గం దగ్గర నిలబడ్డ మనిషి కావడంతో పేర్లు పడేలోపే గురకపెట్టేవాడు. తిరిగివచ్చేటప్పుడు దారి పొడుగునా కూతురు కథంతా చెప్పాల్సి వచ్చేది. అలా చెప్పీ చెప్పీ ఆ పిల్లకు చూడటం కంటే చెప్పడమే రుచి మరిగింది.

పందిరి కింద అందరూ అడిగి మరీ చెప్పించుకునేది తాగుబోతు పనివాళ్ళ వేషాలు. సినిమాల్లో ఉంటారు చూడండి, హీరోగారి ఇంట్లో తోటపని చేస్తూనో, విలన్ వెనక కట్టె పట్టుకొనో తిరిగే మనుషులు. వాళ్ళు మాట్లాడేది మన వైపు మాటే, కాకపోతే దాన్ని కాస్త నలిపి, కాస్త సాగదీసి, నవ్వు కోసం ముక్కులోంచి పలికిస్తారు. గంగజల ఆ ముక్కుగొంతు పెట్టి, కళ్ళు తేలేసి, "ఏంది సారూ, నాకేమెర్క సారూ, నేను నిద్రల ఉన్న" అంటే చాలు, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ, చుట్టిన బీడీలు మళ్ళీ విప్పుకుంటూ నవ్వేవారు. ఇంటికి వెళ్ళాక తాము మాట్లాడేదీ ఆ మాటే కదా అన్న ఆలోచన వాళ్ళలో ఎవరికీ రాలేదు. లోకంలో అన్నింటి మీదా అభిప్రాయం ఉన్న గంగజలకు కూడా రాలేదు.

ఆమె కూతురు మనీషాకు ఆరేళ్ళు. ఆ పిల్లకు సినిమాలు పట్టవు, కార్టూన్లు కావాలి. తెలుగులోకి మార్చి చూపించే కార్టూన్ల ఛానల్ ఒకటి రోజంతా నడిచేది. అందులో ఒక ఉడుత రాకుమారుడు, అతనికి ఒక లావుపాటి కప్ప మంత్రి. కార్టూన్ల మీద గంగజలకు మంచి అభిప్రాయమే ఉంది. "సినిమాలకన్న గవ్వే నయం. దెబ్బ తలిగితె బుర్ర బొప్పి కడ్తది, పండ్లు రాల్తయ్. మన హీరోల లెక్క అంగీ దులుపుకొని పాట పాడరు" అనేది. ఆ ఉడుత మాటలే మనీషాకూ వచ్చేశాయి. "అమ్మా, నాకు చాలా ఆకలిగా ఉంది, దయచేసి భోజనం పెట్టు మిత్రమా" అని ఆ పిల్ల కంచం పట్టుకొని నిలబడితే, గంగజల అత్త సమ్మవ్వ దిక్కులు చూసేది. గంగజల మాత్రం వాకిట్లో నలుగురికీ వినబడేలా మళ్ళీ అనిపించేది. తన కూతురు టీవీలో మాట్లాడినట్టు మాట్లాడుతోందని ఆమెకు గర్వం. నిజం చెప్పాలంటే ఈ కథ చెబుతున్న భాష కూడా ఆ టీవీ భాషకు దగ్గరి చుట్టమే. కాబట్టి ఆమెను చూసి నవ్వే హక్కు మనకూ లేదు.

గంగజల భర్త రాజం దుబాయిలో ఉన్నాడు. భవనాలకు సెంట్రింగు కొట్టే పని. మనీషాకు తొమ్మిదో నెల నడుస్తుండగా వెళ్ళాడు, మూడో ఏట ఒకసారి నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. అందులో ముప్ఫై రోజులు పిల్ల అతన్ని చూస్తే తలుపు వెనక్కి పారిపోయింది. చివరి పది రోజుల్లో మచ్చికైంది, అంతలో అతను విమానం ఎక్కాడు. అప్పట్నుంచి మనీషాకు తండ్రి అంటే ఫోనులో వచ్చే గొంతు. గోడమీద ఫోటో ఉంది కానీ ఫోటో పలకదు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి "బిడ్డా, అన్నం తిన్నవా" అని వచ్చే మాటే బాపు. పిల్లను తండ్రికి కట్టి ఉంచింది ఆ ఒక్క తాడేనని గంగజలకు బాగా తెలుసు. అందుకే శుక్రవారం ఐదింటికి ఆమె ఎక్కడికీ కదిలేది కాదు.

రాజానికి సొంత ఫోను లేదు. క్యాంపు బయట ఒక దుకాణంలో నెట్ ఫోను చేసేవాడు. ప్రతిసారీ తెరమీద వేరే అంకెలు పడేవి. ఆ అంకెలకు ఇక్కణ్ణుంచి చేస్తే ఇంగ్లీషులో ఒక ఆడగొంతు ఏదో చెప్పి పెట్టేసేది. అతను చేస్తేనే మాట, చేయకపోతే లేదు.

బీడీలు చుట్టే చోట ఫోను చెవి దగ్గర పెట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. వేళ్ళకు తంబాకు, ఆకు తడి. ఎవరి మొగుడి ఫోను వచ్చినా చిటికెన వేలితో మీట నొక్కి, స్పీకరు పెట్టి, చాటలో పడేయడమే అలవాటు. మస్కట్, దుబాయి, బహ్రెయిన్ సంగతులన్నీ ఆ పందిరి కింద అందరివీ. ఒకామె మొగుడికి అక్కడ జ్వరమొస్తే ఇక్కడ ఏడుగురూ మందు చెప్పేవారు.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన రెండో శుక్రవారం అది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు, బొగ్గు గనులవాళ్ళు పని ఆపడంతో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఉన్నప్పుడల్లా మనీషా కార్టూన్ల ముందే. ఐదింటికి ఫోను మోగింది. గంగజల మీట నొక్కి చాటలో పెట్టింది.

"ఏం జేస్తుండ్రే? సమ్మె నడుస్తుందట గద, ఈడ సుత టీవీల చూపెడుతుండ్రు" అన్నాడు రాజం.

"నడుస్తుంది. బడి బందు, బస్సు బందు. అత్త మంచిగనే ఉన్నది."

"బిడ్డ ఏది?"

మనీషా పరుగెత్తుకొచ్చి చాట ముందు గొంతుక్కూచుంది. "నమస్కారం నాన్నగారూ" అంది. మొన్నమొన్నటిదాకా బాపూ అనేది. ఆ మార్పు ఆ రోజు గంగజల పట్టించుకోలేదు.

"ఏం బిడ్డా, అన్నం తిన్నవా? ఏం కూర వండింది మీ అమ్మ?"

పిల్ల కిసుక్కున నవ్వింది. చేయి నోటికి అడ్డం పెట్టుకొని తల్లి వైపు చూసి మళ్ళీ నవ్వింది. "నాన్నగారూ, మీరు అచ్చం ఆ తాగుబోతు పనివాడిలా మాట్లాడుతున్నారు. అమ్మ చేసి చూపిస్తుంది చూడండి, అతనిలా. ఇంకొకసారి అనండి, భలేగా ఉంది."

ముందు నవ్వింది గంగజలే. ఆ తర్వాత బాలవ్వ, ఆ తర్వాత మిగతా అందరూ. పందిరి కింద నవ్వు ఒకరినుంచి ఒకరికి అంటుకొని చాలాసేపు ఆగలేదు. అది ఆగాకగానీ, ఫోనులో చప్పుడే లేదని ఎవరికీ తోచలేదు. దుబాయిలో ఎవరో బకెట్టు జరిపిన శబ్దం ఒకటి వినిపించింది.

"అందరున్నరా ఆడ?" అని అడిగాడు రాజం.

"ఆఁ, బీడీలకాడ ఉన్నం" అంది గంగజల.

"సరే మరి, పెడ్త" అని పెట్టేశాడు.

"పొల్ల మంచిగ పట్టిందే, నీ పోలికనే" అంది బాలవ్వ మెచ్చుకోలుగా. గంగజల ఊఁ అంది కానీ ఆకు మడుస్తున్న వేళ్ళు ఒక్కక్షణం దారితప్పాయి. నవ్వింది ఆరేళ్ళ పిల్ల అయితే సరిపోయేది. ఏడుగురు ఆడవాళ్ళు నవ్వడం, అందులో తన పెళ్ళాం నవ్వు మొదటిది కావడం అతను విన్నాడు. ఆ రోజుతో స్పీకరు బంద్ అని ఆమె మనసులో గట్టిగా అనుకుంది.

పై శుక్రవారం ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించి మాట్లాడింది. రాజం అమ్మ ఆరోగ్యం అడిగాడు, ఇంటి పైకప్పు కారుతోందా అని అడిగాడు. పిల్లను అడగలేదు. గంగజల తనే ఫోను ఇస్తే "ఆఁ, ఊఁ, మంచిది" అని మూడు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. ఆ మరుసటి శుక్రవారం ఆమె ఉండబట్టలేక అడిగింది.

"బిడ్డకు ఇయ్యనా?"

"ఇప్పుడెందుకు తీ, ఆడుకోనీ."

"అది చిన్నపొల్ల. దానికేమెర్క? టీవీల చూసి గట్లన్నది."

"దానిదేం తప్పు లేదు" అన్నాడు రాజం నెమ్మదిగా. కోపం ఉంటే బాగుండేది, లేదు. "బళ్ళె అందరు గట్లనే మాట్లాడుతరు కావొచ్చు. రేపు పెద్ద చదువులు చదువుతది. నేను గిట్ల మాట్లాడితె దాని దోస్తుల ముంగట దానికి నామోషి. నాకు మంచిగ మాట్లాడ రాదాయె."

"మంచిగనే మాట్లాడుతవ్" అంది గంగజల. అప్పటికే అతను పెట్టేశాడు.

ఆ తర్వాత రెండు శుక్రవారాలు ఫోను రాలేదు. పందిరి కింద ముచ్చట్లు ఎండిపోయాయి. జగిత్యాలలో ఒక కొత్త సినిమాను ఆటకు ముందే ఆపేశారని, పోస్టర్లు చింపారని వార్త వచ్చినప్పుడు బాలవ్వ ఆశగా "నువ్వేమంటవే?" అని అడిగింది. మామూలుగా అయితే గంగజల దాని మీద గంటసేపు చెప్పేది. ఆ రోజు "ఆపిండ్రు కావొచ్చు" అని ఊరుకుంది. మనీషా మాత్రం శుక్రవారం ఐదు దాటాక వచ్చి, "అమ్మా, నాన్నగారు ఎందుకు ఫోన్ చేయడం లేదు?" అని అడిగేది. గంగజల పని ఉందట అనేది.

ఆ రెండు శుక్రవారాల నడుమ, సమ్మె ఐదో వారంలో సారంగాపూర్ లచ్చయ్య వచ్చాడు. రాజంతో ఒకే గదిలో ఉండే మనిషి, సెలవు మీద వచ్చాడు. బస్సులు లేక సారంగాపూర్ నుంచి జగిత్యాలకు ఒక ఆటో, జగిత్యాల నుంచి కోరుట్లకు ఇంకో ఆటో మారి, రాజం పంపిన సబ్బులూ పిల్లకో బొమ్మా తెచ్చాడు. చాయ్ తాగుతూ అదీ ఇదీ చెప్పి, ఏదో గుర్తొచ్చి నవ్వాడు.

"చెల్లే, మీ ఆయన ఈ మధ్య తెలుగు నేర్సుకుంటుండు, ఎర్కనా?"

"తెలుగేంది అన్నా?"

"గదే, టీవీల తెలుగు. మా రూంల కోనసీమ పిలగాడొకడుండె. వాన్ని ముంగట కూసోవెట్టుకొని, తిన్నవాకు మీరు ఏమంటరు, ఏం జేస్తున్నవ్‌కు ఏమంటరు అని అడుగుడు, కాయితం మీద రాసుకునుడు. పనికాడ పలుగులు మోసుకుంట గవే మాటలు. మేమంత నవ్వుడే నవ్వుడు. మంచిగ వచ్చినంకనే నా బిడ్డతోని మాట్లాడుత అంటుండు."

సమ్మవ్వ గుమ్మంలో కూచుని వింటోంది. కొడుకు పేరు వినపడగానే నవ్వబోయి, కోడలి మొహం చూసి ఆగిపోయింది.

"అన్నా, గట్ల వద్దని ఆయనకు ఎట్లన్న చెప్పరాదు?" అంది గంగజల.

"ఎట్ల చెప్పాలె? నేనొచ్చే ముందటి రోజే కంపిని వాళ్ళను వేరే సైటుకు తోలింది. ఏడున్నరో నాకు సుత తెల్వది. ఆయనే చేస్తడు తీ, ఫికర్ వెట్టుకోకు."

లచ్చయ్య వెళ్ళిపోయాక గంగజల చాలాసేపు చాట ముట్టలేదు. నలభై ఏళ్ళు రాబోతున్న మనిషి, ఇనుప కమ్మీలు మోసి వచ్చి, ఒక కుర్రవాడి ముందు కూచుని కూతురితో అన్నం తిన్నావా అనడం నేర్చుకుంటున్నాడు. సినిమాలో ఎవరైనా ఈ సీను పెడితే కామెడీ కోసం పెట్టారనుకొని ముందు తనే నవ్వి ఉండేది. ఆ సంగతి తట్టగానే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ రోజుల్లో కోరుట్ల చౌరస్తాలో దీక్షా శిబిరం ఉండేది. రోజుకో సంఘం వంతు. మంగలివాళ్ళది ఒక రోజు, దర్జీలది ఒక రోజు, ఫోటోగ్రాఫర్లది ఒక రోజు, ఆటోవాళ్ళది ఒక రోజు. పొద్దున కూచుని సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి. బీడీ కార్మికుల వంతు రాగానే బాలవ్వ అందరినీ బయల్దేరదీసింది. గంగజల పిల్లను వెంటబెట్టుకొని వెళ్ళింది. మధ్యాహ్నానికి పాటలు పాడేవాళ్ళు అలసిపోయారు. శిబిరం చూసుకునే అభిలాష్ అనే డిగ్రీ చదివే కుర్రవాడు మైకు తెచ్చి గంగజల చేతిలో పెట్టాడు.

"అక్కా, నువ్వు సినిమాల ముచ్చట్లు మస్తు చెప్తవట. ఒక రెండు మాటలు మాట్లాడు. జనం లేసిపోతుండ్రు."

గంగజల లేచి నిలబడింది. మైకు పట్టుకోగానే ఆమె నోట్లోంచి వచ్చిన మాటలివి: "అందరికీ నమస్కారములు. ఈ రోజు మనమందరం ఇక్కడకు ఎందుకు విచ్చేశామంటే..."

"ఓ పిల్లా, ఎవల లెక్క మాట్లాడుతున్నవే? గిది మనూరే" అని కింద నుంచి బాలవ్వ కేకేసింది. శిబిరమంతా గొల్లుమంది.

గంగజల నవ్వలేదు. ముందు వరుసలో మనీషా నోరు తెరుచుకొని తననే చూస్తోంది. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది.

"నాకు సినిమాలంటె పానం. సిరిసిల్లల మా బాపు నన్ను బుజాల మీద కూసోవెట్టుకొని తీస్కపోయెటోడు. గిన్నేండ్లల ఎన్ని చూసిన్నో నాకే లెక్క లేదు. మా బాపు లెక్క మాట్లాడెటోడు ఒక్క సినిమాల సుత గెలువలె. వానికి పెండ్లి కాలె. తాగి పడ్డడు, తన్నులు తిన్నడు, హీరో కారు తుడిచిండు. నేను నవ్విన. నవ్వుడే గాదు, వాని లెక్క చేసి గీళ్ళందర్ని నవ్విచ్చిన. నన్ను చూసి నా బిడ్డ నేర్సుకున్నది. వాళ్ళ బాపు దుబాయికెల్లి ఫోన్ జేసి అన్నం తిన్నవా బిడ్డా అంటె, తాగుబోతోని లెక్కున్నదని నవ్వింది. నేను సుత నవ్విన. ఆయన ఇప్పుడు బిడ్డతోని మాట్లాడుతలేడు. నాకు గింతకన్న ఏం చెప్పరాదు."

జనం చప్పట్లు కొట్టారు, ఎవరో జై కొట్టారు. అభిలాష్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "అక్కా, ఎల్లుండి జగిత్యాల సభల సుత గిదే చెప్పాలె" అన్నాడు.

"నేను రాను తమ్మీ. నాకు కావాల్సింది ఆయన ఫోను" అంది గంగజల. ఆ చప్పట్లు ఆమెకు ఏమాత్రం ఊరట ఇవ్వలేదు. ఇన్ని వందల మందికి చెప్పగలిగింది, వినవలసిన ఒక్క మనిషికి చెప్పలేకపోయింది.

ఇంటికి నడుస్తుంటే మనీషా తల్లి కొంగు పట్టుకొని లాగింది. "అమ్మా, నేను తప్పు చేశానా? అందుకే నాన్నగారు ఫోన్ చేయడం లేదా?"

"నువ్వు గాదు బిడ్డా. తప్పు నాది" అంది గంగజల. దారిలోనే కూలబడి పిల్లను హత్తుకుంది. "బాపుతోని బాపు లెక్కనే మాట్లాడుదాం. సరేనా? ఆయన మస్తు సంబురపడ్తడు."

మర్నాటి నుంచి అదొక ఆటైంది. సమ్మవ్వ గురువు. బాపమ్మ ఒకమాట అంటే మనవరాలు అనాలి. ఉడుత రాకుమారుడి నోటికి ఆ మాటలు మొదట అడ్డం తిరిగాయి. కానీ కరెంటు కోతలు రోజురోజుకీ పెరిగి టీవీ నోరు దానంతటదే మూతపడింది. రోజంతా పందిరి కింద బీడీలవాళ్ళ మధ్య తిరిగే పిల్లకు ఇక వేరే మాట వినే దారి లేదు. పది రోజులు తిరిగేసరికి "బాపమ్మా, ఆకలైతుంది, జల్ది పెట్టరాదు" అని కంచం మోగించసాగింది. సమ్మవ్వ ఆనందం చెప్పనలవి కాదు. తాగుబోతు వేషాలు గంగజల మానేసింది. బాలవ్వ అడిగినా చేయలేదు. బాపు ఫోను వస్తే ఏమనాలో మనీషా రోజూ తల్లికి అప్పజెప్పేది. మొదటి మాట "బాపూ, తిన్నవా?" అని. అతను అడగకముందే తనే అడుగుతుందట.

సమ్మె సద్దుమణిగి బడులు తెరిచారు. ఆ శుక్రవారం మనీషా బడి నుంచి పరుగున వచ్చి, సంచి కూడా దించకుండా ఫోను ఒళ్ళో పెట్టుకొని అరుగు మీద కూచుంది. గంగజల పందిరి కింద చాట ముందు ఉంది. వేళ్ళు తంబాకులో ఉన్నాయి, కళ్ళు పిల్ల మీద ఉన్నాయి. స్పీకరు లేదు. ఈసారి ఆ మాటలు తండ్రీ కూతుళ్ళవే కావాలని ఆమె పట్టుదల.

ఐదు దాటి కొద్దిసేపటికి మోగింది. మనీషా మీట నొక్కి చెవికి ఆనించుకుంది.

"హలో, బాపూ, తిన్నవా?" అంది మొహమంతా వెలిగిపోతూ. అవతల నుంచి జవాబు వచ్చింది కాబోలు, విన్నది. వింటున్నకొద్దీ ఆ వెలుగు తగ్గింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవలు కావాలె?" అంది. మళ్ళీ విన్నది. "అమ్మ పని చేస్తుంది. నువ్వెవలు?"

గంగజల చేతులు ఆగిపోయాయి.

"కాదు. నువ్వు మా బాపువు కాదు" అంది మనీషా గట్టిగా. "మా బాపు గట్ల మాట్లాడడు. రాంగ్ నంబర్."

గంగజల లేచిన విసురుకు చాట బోర్లాపడి తంబాకంతా వాకిట్లో చెల్లాచెదురైంది. అరుగు దగ్గరికి చేరేసరికి పిల్ల ఎర్ర మీట నొక్కేసింది. గంగజల ఫోను లాక్కొని చెవికి పెట్టుకుంది. ఏమీ లేదు. తెరమీది అంకెలకు తిరిగి చేసింది. ఇంగ్లీషులో ఆ ఆడగొంతు ఎప్పటి మాటే చెప్పి పెట్టేసింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

"ఏమన్నడే? ఏమన్నడు?"

"ఎవలో సారు, అమ్మా. 'మనీషా గారూ, ఎలా ఉన్నారు, భోజనం చేశారా' అంటుండు. 'నేను మీ నాన్నగారిని మాట్లాడుతున్నాను' అని అబద్ధం చెప్తుండు. నాకెర్క లేదా బాపు గొంతు?" పిల్ల తల్లి మెచ్చుకుంటుందని చూస్తోంది. "గందుకే పెట్టేసిన."

గంగజల అరుగు మీద పిల్ల పక్కన కూచుంది. పందిరి కింద ఆడవాళ్ళు చాటలు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు కానీ ఎవరూ దగ్గరికి రాలేదు.

"గాయనే బిడ్డా మీ బాపు" అంది చివరికి.

మనీషా నమ్మలేదు. తల్లి కళ్ళల్లో నీళ్ళు చూశాక నమ్మింది.

"మరి బాపు అయితె గట్లెందుకు మాట్లాడిండు?"

"నీ కోసమే" అంది గంగజల.

పిల్ల ఏడుపు అందుకుంది. "మళ్ళ చేస్తడా అమ్మా? నేను బాపూ అంట, ఎట్ల మాట్లాడినా సరే అంట" అంటూ ఫోనును రెండు చేతులా పట్టుకొని తల్లి ఒళ్ళో ముడుచుకుంది. చేస్తడు బిడ్డా అని గంగజల దాని వీపు నిమురుతూనే ఉంది. ఆ సాయంత్రం ఫోను మళ్ళీ మోగలేదు, పై శుక్రవారం కూడా మోగలేదు.